కారులో గ్యాసు కిట్టు – పీడన పరీక్షలలో మా అనుభవం

గత కార్తిక మాసంలో ఒక ఆదివారం ఉదయం, ఫైనాన్స్ విభాగంలో పనిచేస్తున్న మిత్రులొకరు తమ కారును మా క్వార్టరు ముందుకు తెచ్చి ఆపారు. తాళంచెవులు మా చేతిలో పెట్టి, "దీని సంగతేమిటో మీరే తేల్చాలి. లేకపోతే అమ్మివేయమని ఇంట్లో గొడవగా ఉన్నది" అన్నారు. ఎనిమిదేళ్ళనాటి ఆ పెట్రోలు కారుకు ఆయన ఆరు నెలల క్రితం సి.ఎన్.జి. కిట్టు పెట్టించుకున్నారు. మొదటి మూడు నెలలూ ఆనందంగా గడిచాయి. ఆ తరువాత తిప్పలు మొదలైనాయి.

అంతకు ముందురోజు ఆయన భార్య, కూతురు, అల్లుడు, రెండేళ్ళ మనవడితో కలిసి అన్నవరం వెళ్ళారు. రత్నగిరి ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా కారు రెండు మూడుసార్లు కుదిపి, స్టీరింగు పక్కనున్న చిన్న స్విచ్చి పెట్టె 'బీప్, బీప్' మని మోగి, తనంతట తానే పెట్రోలుకు మారిపోయింది. ఆయన ట్యాంకులో పెట్రోలు రెండు లీటర్లకు మించి ఉంచరు. ఎలాగో కొండెక్కి వ్రతం ముగించుకొని, దిగేటప్పుడు పెట్రోలు చాలదేమోనని మళ్ళీ గ్యాసు మీదికి మార్చారు. సగం కొండ దిగేసరికి కారులో గ్యాసు వాసన. వదినగారు కారు ఆపించి, పిల్లవాడిని ఎత్తుకొని దిగిపోయారు. ఆమె, కూతురు, మనవడు బస్సులో ఇంటికి చేరుకున్నారు. మామా అల్లుళ్ళు అద్దాలన్నీ దించుకొని కారులో వచ్చారు. 2014 జూన్‌లో నగరం గ్రామంలో జరిగిన పైపులైను దుర్ఘటనను మరచిపోని మా గోదావరి జిల్లాలలో గ్యాసు వాసన వస్తే ఎవరైనా అదే పని చేస్తారు. ఆమె చేసినది నూటికి నూరుపాళ్ళు సరైన పని అని మేము ఆనాడే చెప్పాము.

మేమనగా కంప్రెసర్ల నిర్వహణ విభాగంలో ముప్ఫై ఏళ్ళుగా కలిసి పనిచేస్తున్న ముగ్గురం. మోటారు మెకానిక్కులం కాము. కాని పీడనంతోనే మా ఉద్యోగ జీవితం గడిచింది. ఫ్యాక్టరీలోని గేజికి, కారులోని గేజికి పరిమాణంలో తేడాయే గాని ధర్మంలో తేడా లేదన్న ధైర్యంతో ఆ తాళంచెవులు పుచ్చుకున్నాము. పరీక్షలకు వాడిన గేజీలు మా సొంత డబ్బుతో కొన్నవేనని, సంస్థ స్టోర్సుకు దీనితో ఏ సంబంధమూ లేదని సంపాదకవర్గం వారు గమనించ ప్రార్థన.

కోనసీమ నేలలోనుండి 1980ల నుండి సహజవాయువు వెలికి వస్తున్నా, దానిని మన కార్లలో పోసుకొనే రోజు చాలా ఆలస్యంగా వచ్చింది. ఢిల్లీ నగర బస్సులను సి.ఎన్.జి.కి మార్చవలసినదిగా 1998 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాతనే ఈ ఇంధనం పేరు దేశమంతటా ఇంటింటా వినబడింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదు, విజయవాడలకు సరఫరా చేసేందుకు భాగ్యనగర్ గ్యాస్ సంస్థ 2003లో ఏర్పడింది. ఇప్పుడు గోదావరి జిల్లాలలోనూ బంకులు వెలిశాయి. మన టౌన్‌షిప్ షెడ్లలోనూ డిక్కీలో సిలిండరు ఉన్న కార్లు కనిపిస్తున్నాయి. వాటి యజమానులలో పలువురికి తాము వెనుక సీటు వెనుక ఏమి మోస్తున్నారో సరిగా తెలియదని మాకు అనుమానం.

మన కారు టైరులో గాలి పీడనం సుమారు 2 బార్లు. పూర్తిగా నింపిన సి.ఎన్.జి. సిలిండరులో ఉండేది 200 బార్లు, అంటే టైరుకు నూరు రెట్లు. ఇంజనుకు కావలసినది మాత్రం మళ్ళీ ఆ 2 బార్ల ప్రాంతమే. నూరింటిని ఒకటి చేసే ఈ పని రెడ్యూసర్ అనే పిడికెడు పరికరం చేస్తుంది. డిక్కీలోని సిలిండరు నుండి 6 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం కారు అడుగుగా బానెట్ వరకు వస్తుంది. అక్కడ రెడ్యూసర్‌లోకి ప్రవేశించే ముందు ఒక గేజి, ఒక చిన్న ఫిల్టరు, ఒక సోలినాయిడ్ వాల్వు ఉంటాయి. రెడ్యూసర్ దాటిన తరువాత రబ్బరు గొట్టం, మరొక ఫిల్టరు, ఆపైన నాలుగు గ్యాసు ఇంజెక్టర్లు. ఎప్పుడు ఎంత గ్యాసు పంపాలో ఒక కంప్యూటరు నిర్ణయిస్తుంది. అది కారులో ముందునుండీ ఉన్న పెట్రోలు కంప్యూటరు ఇచ్చే ఆజ్ఞలను విని, వాటినే గ్యాసు లెక్కలోకి మార్చి పంపుతుంది. పీడనం ఒక నిర్ణీత హద్దుకన్న తగ్గితే 'ఇక నావల్ల కాదు' అని బీప్ కొట్టి పెట్రోలుకు అప్పగిస్తుంది. కనుక రత్నగిరి మీద మోగిన బీప్ రోగం కాదు, రోగలక్షణం. పీడనం పడిపోయింది; ఎక్కడ, ఎందుకు పడిపోయిందన్నదే ప్రశ్న.

మిత్రులు మొదట మా ముందు పెట్టిన ఆరోపణ వేరు. "రాత్రి బంకులో 200 కొట్టిస్తే తెల్లవారేసరికి ముల్లు 175 దగ్గర ఉంటున్నది. ఇరవై అయిదు బార్ల గ్యాసు ఎక్కడికి పోతున్నది?" అన్నారు. వాసన సంగతి విన్న తరువాత ఈ మాట ఎవరికైనా భయం కలిగిస్తుంది. అయితే ఇందులో దొంగ ఎవరూ లేరు. సిలిండరును వేగంగా నింపినప్పుడు లోపలి వాయువు ఒత్తిడికి వేడెక్కుతుంది. బంకువారి గేజి 200 చూపేది ఆ వేడి వాయువుకే. రాత్రి చల్లబడగానే పీడనం దిగుతుంది. 200 బార్ల ప్రాంతంలో సహజవాయువు ఒక డిగ్రీ చల్లబడితే ఒక బారుకు కొంచెం మించి పడిపోతుంది కనుక, ఇరవై డిగ్రీలకు ఆ ఇరవై అయిదు బార్లకు లెక్క సరిపోతుంది. లీకు ఉన్నదా లేదా తేల్చాలంటే చల్లబడిన తరువాత ఒక రీడింగు, కారును కదపకుండా ఇరవైనాలుగు గంటల తరువాత అదే వేళకు ఇంకొక రీడింగు తీసుకోవాలి. అలాగే తీశాము. ముల్లు కదలలేదు. సిలిండరు వాల్వు వద్ద, గొట్టపు కీళ్ళ వద్ద సబ్బునీళ్ళు రాసి చూశాము. బుడగ రాలేదు. అంటే ఆగి ఉన్న కారులో లీకు లేదు. నడుస్తున్న కారులో, అదీ కొండ దిగుతున్నప్పుడు మాత్రమే ఏదో జరుగుతున్నది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. మేము కొలవడానికే పరిమితమైనాము. 200 బార్ల వైపు ఒక్క నట్టునైనా మేము ముట్టుకోలేదు. పట్టణంలోని ఒక అధీకృత కిట్టు కేంద్రం యువకుడిని ల్యాప్‌టాప్‌తో సహా పిలిపించుకున్నాము. విప్పినా బిగించినా అతడే. కిట్టును మొదట పెట్టినవారు, రెండుసార్లు 'ట్యూనింగు' చేసినవారు వేరే గ్యారేజీ వారు.

రెడ్యూసర్ బయటి పీడనం చూసేందుకు రబ్బరు గొట్టంలో ఫిల్టరుకు ముందొక గేజి, తరువాతొక గేజి తగిలించాము. ఇంజను నిదానంగా తిరుగుతున్నప్పుడు రెండు గేజీలూ సరిగా 2 బార్లు చూపాయి. కిట్టు కాగితాలలోనూ 2 బార్లే. అంతా బాగున్నదని ఎవరైనా అనుకుంటారు. కాని ల్యాప్‌టాప్ తెర మీద మాత్రం 2.6 అని కనిపిస్తున్నది. కుర్రవాడు సెన్సార్ పోయిందేమోనన్నాడు. మాలో ఒకరు కాసేపు ఆలోచించి, "రెండూ నిజమే చెబుతున్నాయి" అన్నారు.

సంగతేమిటంటే, మామూలు గేజి కొలిచేది బయటి గాలితో పోల్చి. రెడ్యూసర్‌కు కావలసిన పోలిక అది కాదు. ఇంజను గాలి పీల్చుకొనే మానిఫోల్డులో ఉన్న పీడనం కన్న గ్యాసు 2 బార్లు ఎక్కువ ఉండాలి. అందుకే మానిఫోల్డు నుండి రెడ్యూసర్‌కు ఒక సన్నని గొట్టం వేస్తారు. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు మానిఫోల్డులో శూన్యత ఏర్పడి, అక్కడి పీడనం బయటి గాలికన్న సుమారు 0.6 బారు తక్కువగా ఉంటుంది. కనుక ఆ సమయంలో మామూలు గేజి 1.4 చూపితేనే లెక్క సరి. యాక్సిలరేటరును పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డు బయటి గాలితో ఇంచుమించు సమానమవుతుంది. అప్పుడు గేజి 2 చూపాలి. పాత గ్యారేజీ వారు ఇంజనును నిదానంగా తిప్పుతూ, మామూలు గేజి పెట్టి, ముల్లు 2 వచ్చేదాకా స్క్రూ తిప్పారు. మోసం చేయలేదు, నిజాయితీగానే పొరపాటు చేశారు. ఆ పొరపాటు వల్ల పీడనం 0.6 బారు పెరిగి, కుదుపు కొన్ని వారాలపాటు కనిపించకుండా పోయింది. జ్వరం వచ్చినవాడికి మాత్ర ఇచ్చి పనిలోకి పంపినట్లయింది.

స్క్రూను వెనుకకు తిప్పించి తెర మీద 2.0 వచ్చేటట్లు చేసి, అయిదుగురం కారులో కూర్చొని టౌన్‌షిప్ బయటి ఓవర్‌బ్రిడ్జి వైపు బయలుదేరాము. ఒక గేజిని గొట్టంతో సహా ముందు అద్దం వద్దకు తెచ్చి కట్టాము. మూడవ గేరులో, యాక్సిలరేటరు నేలకు తొక్కి వంతెన ఎక్కించాము. ముల్లు 1.9 దగ్గర నిలిచింది. ఎక్కడా కుదుపు లేదు. మళ్ళీ ఎక్కించాము. మళ్ళీ 1.9. కుర్రవాడు ల్యాప్‌టాప్ మూసివేస్తూ, "బండి బ్రహ్మాండంగా ఉన్నదండీ, ఏ ప్రాబ్లమూ లేదండీ" అన్నాడు. పాత గ్యారేజీ వారు కూడా రెండుసార్లు ఇదే మాట చెప్పి పంపారట.

దారి చూపినది వదినగారు. కాఫీ ఇస్తూ, "కొండెక్కేటప్పుడు ఒకటే పచ్చదీపం వెలుగుతున్నదండీ. గ్యాసు అయిపోతున్నదా అని నేనే అడిగాను, వీరు కాదన్నారు" అని అన్నారు. ఆ స్విచ్చి పెట్టె మీద నాలుగు దీపాలుంటాయి. సిలిండరు నిండుగా ఉంటే నాలుగూ వెలుగుతాయి. ఒక్కటే వెలుగుతున్నదంటే సిలిండరు అడుగంటుతున్నదని అర్థం. మేము పరీక్షించినది 180 బార్ల మీద. పాత గ్యారేజీ గ్యాసు బంకు పక్కనే ఉన్నది; ఈయన అలవాటుగా ముందు గ్యాసు కొట్టించుకొని, ఆ తరువాత గ్యారేజీకి వెళ్ళేవారు. కనుక కారు అక్కడ ఎప్పుడూ నిండు సిలిండరుతోనే పరీక్షకు కూర్చున్నది, ఎప్పుడూ ఉత్తీర్ణమైనది.

గ్యాసు దారిలో ఎక్కడైనా అడ్డు ఉంటే, వెనుకనుండి 180 బార్లు తోస్తున్నంతసేపు ఆ అడ్డు సందులలోనుండే కావలసినంత గ్యాసు వచ్చేస్తుంది. వెనుక బలం 60 బార్లకు దిగినప్పుడే అడ్డు ప్రతాపం బయటపడుతుంది. మా ప్లాంటులో ఇది అందరికీ తెలిసిన విషయమే. అయినా కారు దగ్గర ఆ పూటకు మాకు తట్టలేదని ఒప్పుకోవాలి.

ఆ వారమంతా మిత్రులు కారును ఆఫీసుకు, బజారుకు తిప్పి గ్యాసును 60 బార్లకు దించారు. తరువాతి ఆదివారం మళ్ళీ అదే వంతెన, అదే అయిదుగురు. ఈసారి ముల్లు 1.9 నుండి జారి 1.5, 1.3, వంతెన మధ్యకు వచ్చేసరికి 1.1. ఒక కుదుపు. వెంటనే బీప్. వెనుక సీటులో ఉన్న మిత్రులు "అదిగో, అదే! అన్నవరంలో అయినది అదే!" అని పిల్లవాడిలా అరిచారు. రోగం కనిపించినందుకు అంత సంతోషించినవారిని మేము చూడలేదు.

ఇక మిగిలినది అడ్డు ఎక్కడన్నది. రబ్బరు గొట్టంలోని ఫిల్టరే మూసుకుపోయి ఉంటే, దానికి ముందున్న గేజి 1.9 వద్ద నిలిచి, తరువాతి గేజి మాత్రమే పడిపోవాలి. రెండూ కలిసే పడ్డాయి. ఆ ఫిల్టరు నిర్దోషి. అంటే దోషి రెడ్యూసర్‌లోగాని, దానికి వెనుకగాని ఉన్నది. సిలిండరు వాల్వు సగమే తెరచి ఉన్నా, ఉక్కు గొట్టం ఎక్కడైనా నొక్కుకుపోయినా, రెడ్యూసర్ ముందున్న పెద్ద గేజి ముల్లు కూడా బరువు పడినప్పుడు కిందికి దిగాలి. మరొకసారి వంతెన ఎక్కిస్తూ దానిని గమనించాము. అది 60 మీద కదలకుండా నిలిచింది. గేజి దాకా గ్యాసు నిరాటంకంగా వస్తున్నది. గేజి దాటిన తరువాతనే ఆగుతున్నది. గేజికి, రెడ్యూసర్ లోపలి వాల్వుకు మధ్య ఉన్నవి రెండే: చిన్న ఫిల్టరు, సోలినాయిడ్.

గడ్డకట్టడం అనే అవకాశాన్ని కూడా ముందే చూశాము. 200 బార్ల నుండి 2 బార్లకు ఒక్కసారి వ్యాకోచించే సహజవాయువు, తగ్గిన ప్రతి బారుకు సుమారు అర డిగ్రీ చొప్పున చల్లబడుతుంది. అందుకే ఇంజను వేడినీటిని రెడ్యూసర్ చుట్టూ తిప్పుతారు. రేడియేటరులో నీరు తగ్గినా, గొట్టంలో గాలి బుడగ నిలిచినా రెడ్యూసర్ మంచుముద్దవుతుంది. చేత్తో తాకి చూస్తే రెండు నీటి గొట్టాలూ వేడిగానే ఉన్నాయి. ఆ కారణం పోయింది.

వాసన కథ ఇంకా తేలలేదు. కారు కొండ దిగేటప్పుడు యాక్సిలరేటరు మీద కాలు ఉండదు. పెట్రోలు కంప్యూటరు ఇంధనాన్ని పూర్తిగా ఆపివేస్తుంది. దానిని అనుసరించి గ్యాసు ఇంజెక్టర్లు కూడా మూసుకుంటాయి. సోలినాయిడ్ మాత్రం తెరచే ఉంటుంది. అప్పుడు రెడ్యూసర్ లోపలి వాల్వు తన పీఠం మీద గట్టిగా కూర్చొని గ్యాసును నిలిపివేయాలి. కూర్చోలేకపోతే పీడనం మెల్లమెల్లగా పాకుతూ పెరిగిపోతుంది. ఈ పరీక్షను రోడ్డు మీద చేయనవసరం లేదు. కారును ఆరుబయట నిలిపి, ఇంజను ఆపి, ల్యాప్‌టాప్ ద్వారా సోలినాయిడ్‌ను మాత్రం తెరిపించి గేజి చూస్తూ నిలబడ్డాము. మంచి రెడ్యూసర్ అయితే కొద్దిగా పెరిగి, 2.2 లేదా 2.3 దగ్గర ఆగిపోవాలి. ఇది 2.3 దాటింది, 2.6 దాటింది, నిమిషం గడిచేసరికి 3 దాటింది. ఆగే సూచన లేదు. ఇంకొంతసేపటికి 'చుస్స్' మని రక్షణ వాల్వు తెరచుకొని గ్యాసు బయటికి వచ్చింది, దానితోపాటు వాసన వచ్చింది. కుర్రవాడు వెంటనే సోలినాయిడ్ మూసివేశాడు. రత్నగిరి దిగుతున్నప్పుడు జరిగినదీ ఇదే. బానెట్ కింద విడుదలైన గ్యాసు గాలి పీల్చే జాలీ గుండా కారులోకి వచ్చింది. పైగా స్క్రూను 0.6 బారు ఎక్కువ తిప్పి ఉంచడం వల్ల ఆ రక్షణ వాల్వు మరింత త్వరగా తెరచుకొనేది.

ఆ వాసన గ్యాసుది కాదు. సహజవాయువుకు వాసన ఉండదు; మనకు తెలియాలని కలిపే మెర్‌కాప్టాన్‌ది ఆ కంపు. గాలిలో గ్యాసు అయిదవ శాతానికి చేరితే గాని అంటుకోదు, పదిహేను దాటితే అంటుకోదు. ఆ అయిదుకు ఎంతో ముందుగానే ముక్కుకు తెలిసేటట్లు వాసన కలుపుతారు. వంటగ్యాసు గాలికన్న బరువు కనుక నేల మీద పరచుకుంటుంది, సి.ఎన్.జి. తేలిక కనుక పైకి పోతుంది. అందువల్ల అద్దాలు దించడం, ఇంజను ఆపడం, సిలిండరు వాల్వు మూయడం, ఏ స్విచ్చినీ ముట్టుకోకుండా దిగి దూరంగా వెళ్ళడం – ఈ పనులను ఇంట్లో కారెక్కే ప్రతివారికీ చెప్పి ఉంచాలి. సిలిండరు వాల్వు ఎక్కడున్నదో మిత్రుల అల్లుడికి ఆ రోజు దాకా తెలియదు. ఊరినుండి తెచ్చిన బియ్యం బస్తా దానిని కప్పివేసి ఉన్నది.

మరమ్మతు కేంద్రంలో మా సమక్షంలోనే జరిగింది. ముందు సిలిండరు వాల్వు మూశారు. ఇంజను గ్యాసు మీద నడుస్తూ దానంతట అది ఆగిపోయేవరకు ఉంచి, గొట్టంలో మిగిలిన గ్యాసును ఖర్చు చేయించారు. గేజి సున్నా చూపిన తరువాతనే స్పానర్ పెట్టారు. ఈ క్రమాన్ని చూసి మా మనసు కుదుటపడింది. దాదాపు ముప్ఫై ఏళ్ళ క్రితం మేము ట్రైనీలుగా చేరిన కొత్తలో, అనుభవజ్ఞుడైన ఫిట్టరొకరు 'చిన్న బుడగే గదా' అని పీడనంలో ఉన్న కీలును ఒక పావు చుట్టు బిగించబోయారు. గొట్టం ఫెర్రూల్ నుండి ఊడివచ్చి కొరడాలా తిరిగి, పక్కనున్న గేజి అద్దాన్ని ముక్కలు చేసింది. ఆయన వంగి ఉండబట్టి బతికిపోయారు. చెవి దగ్గర ఆ మచ్చ ఆయన రిటైరయ్యేదాకా మాకు కనిపిస్తూనే ఉండేది. పీడనంలో ఉన్న కీలును బిగించవద్దని ఏ పుస్తకంలో చదివినా మాకు ఆ మచ్చే గుర్తుకు వస్తుంది. ఫ్యాక్టరీలోకన్న కారులో ప్రమాదం తక్కువని అనుకోవద్దు. ఆ 200 బార్లు ఇక్కడా 200 బార్లే.

చిన్న ఫిల్టరును బయటికి తీసి తెల్లకాగితం మీద దులిపాడు కుర్రవాడు. గోధుమరంగు జిడ్డు, ఆ జిడ్డులో మెరిసే ఇనుప రజను. మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. జిడ్డు మా వృత్తికి చెందినది: బంకులోని కంప్రెసర్ పిస్టన్లకు పోసే నూనె కొంత ఆవిరిగా, తుంపరగా గ్యాసుతోపాటు ప్రయాణించి చల్లని చోట దిగుతుంది. వడపోత ఎంత జాగ్రత్తగా పెట్టినా కొంత తప్పించుకుంటుందని మాకన్న బాగా ఎవరికి తెలుసు! జిడ్డు ఒక్కటే అయితే ఇంత త్వరగా మూసుకుపోయేది కాదు. రజను మాత్రం కిట్టు పెట్టినవారి చలువ. ఉక్కు గొట్టాన్ని గొట్టాలు కోసే కట్టర్‌తో కోసి, అంచులు నునుపు చేసి, గాలితో గాని నైట్రోజన్‌తో గాని ఊది శుభ్రపరచి బిగించాలి. గొట్టపు చివర విప్పి చూస్తే రంపపు గాట్లు స్పష్టంగా కనిపించాయి. హ్యాక్సా బ్లేడుతో కోసి, ఊదకుండానే బిగించారు. ఆ రజను మొదటి రోజునుండి కొద్దికొద్దిగా కొట్టుకువచ్చి ఫిల్టరులో పేరుకున్నది. సన్నని రేణువొకటి ఫిల్టరును కూడా దాటి రెడ్యూసర్ వాల్వు పీఠం మీద ఇరుక్కొని, వెంట్రుకవాసి గాటు పెట్టింది. ఎక్కేటప్పటి కుదుపుకు, దిగేటప్పటి వాసనకు మూలం ఒక్కటే – అయిదు నిమిషాల పని తప్పించుకున్న ఒక చేయి.

గొట్టం చివరలు మళ్ళీ కోసి, నైట్రోజన్‌తో ఊది, కొత్త ఫెర్రూళ్ళు వేశారు. రెడ్యూసర్‌కు కొత్త పీఠం, కొత్త డయాఫ్రం, కొత్త ఫిల్టరు పడ్డాయి. ప్రతి కీలుకూ సబ్బునీటి పరీక్ష జరిగింది. తెర మీద చూసి 2.0కు అమర్చారు. సోలినాయిడ్ తెరచి పది నిమిషాలు చూశాము, ముల్లు 2.2 వద్ద ఆగి కదలలేదు.

ఇదంతా గ్యాసు వైపు సంగతి. పెట్రోలు వైపు పీడనాన్ని చూడకుండా కిట్టు పెట్టించడం కూడా ఒక పెద్ద పొరపాటేనని మాకు మరొక కారు నేర్పింది. అది మాలో ఒకరిదే కనుక ఎవరినీ అనవలసిన పని లేదు. కిట్టు పెట్టిన నాటినుండి గ్యాసు మీద ఇంజను ఊపిరాడనట్లు నడిచేది, మైలేజీ రాలేదు. గ్యాసు వైపు అన్నీ సరిగా ఉన్నాయి. చివరకు పెట్రోలు గొట్టానికి గేజి పెడితే, 3 బార్లు ఉండవలసిన చోట 2.2 ఉన్నది. ట్యాంకులోని పంపు బలహీనపడి ఎంతకాలమయిందో తెలియదు. పీడనం తక్కువ కనుక పెట్రోలు కంప్యూటరు ఇంజెక్టర్లను ఎక్కువసేపు తెరచి ఉంచి లోటు పూడ్చుకుంటూ వచ్చింది. అందుచేత పెట్రోలు మీద తేడా తెలియలేదు. గ్యాసు కంప్యూటరు ఆ సాగదీసిన సమయాన్నే నిజమని నమ్మి, దానికి తగినట్లు గ్యాసును అధికంగా పోసింది. పంపు మార్చి, కిట్టు లెక్కలు మళ్ళీ సరిచేయించిన తరువాత గాని కారు దారికి రాలేదు. గ్యాసు చవక కదా అని ట్యాంకులో పెట్రోలు చుక్కలు మాత్రమే ఉంచేవారు గమనించవలసిన విషయం ఒకటున్నది. చాలా కార్లలో గ్యాసు మీద నడుస్తున్నప్పుడు కూడా ట్యాంకులోని పంపు తిరుగుతూనే ఉంటుంది. దానిని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ట్యాంకు ఎండబెడితే పంపు కాలిపోతుంది. మాలో ఆ ఒకరు ఈ వాక్యాన్ని తీసివేయమని కోరారు. మిగిలిన ఇద్దరమూ ఒప్పుకోలేదు.

కిట్టు పెట్టించుకోదలచినవారు అడుగుతున్నారు కనుక కాగితాల సంగతి రెండు ముక్కలలో చెబుతాము. ఆమోదం పొందిన కిట్టునే, అధీకృత కేంద్రంలోనే పెట్టించాలి. రవాణా శాఖ కార్యాలయంలో ఆర్.సి. మీద ఇంధనం మార్పు నమోదు చేయించాలి, బీమా కంపెనీకి తెలియజేయాలి. సిలిండరుకు మూడేళ్ళకొకసారి నీటి పీడన పరీక్ష తప్పనిసరి. ఆ తేదీ ఉన్న పలకను చూపకపోతే బంకువారు గ్యాసు పోయకూడదు. పని పూర్తయిన రోజున యజమాని అడగవలసిన ప్రశ్నలు మా దృష్టిలో రెండే: గొట్టం దేనితో కోశారు? చివరి పరీక్ష ఎన్ని బార్ల మీద చేశారు? రెండవ ప్రశ్నకు జవాబు 'ఫుల్ ట్యాంకు' అని వస్తే, సిలిండరు పావువంతుకు దిగిన తరువాత మళ్ళీ తెస్తానని చెప్పి రావాలి.

మార్గశిరంలో మిత్రులు మళ్ళీ అన్నవరం ప్రయాణం కట్టారు. ఈసారి మేమే కోరి సిలిండరును 50 బార్లకు దించిన తరువాత కొండ ఎక్కించమన్నాము. మాలో ఒకరు గేజితో సహా ముందు సీటులో కూర్చున్నారు. ఎక్కేటప్పుడు ముల్లు 1.85కు తగ్గలేదు. దిగేటప్పుడు 2.2కు మించలేదు. వెనుక సీటులో వదినగారు మాత్రం కొండ మొదలునుండి చివరిదాకా తన వైపు అద్దం దించే ఉంచారు. మనవడు సగం దారిలోనే నిద్రపోయాడు. పచ్చదీపం ఒక్కటే వెలుగుతున్నది. కొండ దిగి జాతీయ రహదారి ఎక్కిన తరువాత ఆమె అద్దం పైకెత్తి, ప్రసాదం పొట్లం విప్పారు.